కుంభరాశిలో మరక

ఆ ఏడు వాన పడకూడదని మొక్కుకున్నవాణ్ణి మా అనంతపురం జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. తొంభై తొమ్మిది అది. శనక్కాయ చెట్టు ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేసింది. ఊళ్ళలో జనం ఆకాశంకేసి చూసి తిట్టేవాళ్ళు. నేనూ చూసేవాణ్ణి. అంత నల్లటి, అంత శుభ్రమైన ఆకాశం నా బతుకులో మళ్ళీ దొరకలేదు.

మాది హిందూపురంలో ఫొటో స్టూడియో. ముందర గదిలో తెర, స్టూలు, లైట్లు. నడుమ డార్క్‌రూము. వెనక గదిలో కాపురం. నేను, నా భార్య హేమావతి, మా నాయన నల్లప్ప. నాయన రీటచింగులో చెయ్యి తిరిగినవాడు. నెగటివును ఏటవాలు గాజుపలక మీద పెట్టి, కిటికీ వెలుతురు కింద నుంచి పడేలా అద్దం పెట్టుకొని, మొహం మీది గుంటలు పెన్సిలుతో పూడ్చేవాడు. ఎక్కువైనదాన్ని బ్లేడు మొనతో గీకి తీసేవాడు. గీకిన చోటు భూతద్దంతో వెతికినా కనపడేది కాదు. చుట్టుపక్కల పెండ్లిచూపుల ఫొటోలన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఆయనకు సాయం కావాలని నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి డార్క్‌రూములో నిలబెట్టాడు. ఆ సంగతి మీద నేనెప్పుడూ నోరెత్తలేదు. మరిచిపోనూ లేదు.

ఆకాశం పిచ్చి నాకు అంటించింది ధర్మవరం జోసెఫ్ సారు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయినాయన. గాజుబిళ్ళ మీద గాజుబిళ్ళ పెట్టి, నడుమ గరుకుపొడి వేసి, నెలల తరబడి అరగదీసి టెలిస్కోపుకు అద్దం తయారు చేసుకున్నాడు. కండ్లకు పొరలు రాగానే ఆ గొట్టం నాకిచ్చేశాడు. లెన్సు పీకేసిన పాత మడత కెమెరా ఒకటి మా షాపులో ఉంటే దాన్ని గొట్టానికి బిగించుకున్నాను. చంద్రుణ్ణి తీశాను. శనిగ్రహాన్ని తీశాను. ఆ ఫొటోలు చూసి, "దీనికెవురు దుడ్లిస్తారప్పా?" అని అడగనివాడు హిందూపురంలో లేడు.

వినాయక చవితి దాటాక జోసెఫ్ సారు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"సుంకన్నా, బెంగళూరులో ఒక ట్రస్టు వాళ్ళు బడిపిల్లలకు ఆకాశం చూపించే పని పెట్టుకున్నారు. ఫొటోలు తీసి, కడిగే మనిషి కావాలంట. నీ మాట చెప్పినా. సర్టిఫికెట్లు వద్దు, పని చూపించమను అన్నారు."

"ఏం చూపించాల సార్? చంద్రుడిది ఉండాది కదా."

"చంద్రుణ్ణి ఎవడైనా తీస్తాడు పోవప్పా." కుంభరాశిలో ఒక నీహారిక ఉందని చెప్పాడు. గ్రహ నీహారిక అంటారట గానీ, గ్రహానికీ దానికీ ఏ సంబంధమూ లేదట. గుండ్రంగా ఉంటుందని పాతకాలం వాళ్ళు పెట్టిన పేరు. ముసలిదైపోయిన నక్షత్రం ఆఖరికాలంలో తన ఒంటిమీది ఆవిరంతా విడిచేస్తే, అది చుట్టూ ఉంగరం మాదిరి నిలబడిపోతుంది. "ఇది పెద్దదే, కానీ బలే పలచన. గొట్టంలో పెట్టి చూసినా కంటికి ఆనదు. ఫిల్ము మీద పట్టుకొస్తివంటే నువ్వు ఎంతవరకు చదివినావని ఎవురూ అడగరు."

వెనక గదిలో నుంచి హేమావతి వింటూనే ఉంది. ఆయన పోగానే వచ్చింది.

"ఇల్లిస్తారంటనా?"

"ఒక గది, వంటిల్లు ఇస్తారంట."

"ఫొటోలు కడిగే ఆ హైపో వాసన లేని ఇంట్లో ఒక్క దినం పండుకుంటే చాలు నాకు" అంది. పెండ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

హిందూపురంలో వీధిదీపాలు ఉన్నంతవరకు ఆ పని కాదు. పెనుకొండ కొండకు అవతలి పక్క మా అత్త, హేమావతి అమ్మ వెంకటక్కకు కొంచెం మెట్ట ఉంది. శనక్కాయ వేసి ఉంది. ఆ గట్టు మీద గొట్టం పెట్టాను. పొద్దు గూకితే అక్కడ అంతా కటిక చీకటి.

మొదటి దినమే గొర్రెల పోతులయ్య మంద తోలుకుపోతూ నిలబడ్డాడు.

"ఏమప్పా అల్లుడూ, మోడాలను ఊదేసే గొట్టమా అది?"

"ఊదేదానికి ఆకాశంలో మోడం యాడుండాది మామా?"

"నువ్వు దాన్ని పెట్టినప్పట్నించే లేవు కదా!" అని నవ్వాడు. వెనక వస్తున్న ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. మా అత్త నాకు అన్నం పెట్టి, పక్కకు తిరిగి, "ఆ పని యాడన్నా దూరంగా చేసుకోకూడదా నాయనా? ఊర్లో మాటలు నేను పడాల్సొస్తాండాది" అంది. ఎండిపోతున్న ఆమె చేలోనే కూర్చొని నేను ఇంకొక పది దినాలు మబ్బు రాకుండా ఉంటే చాలనుకుంటున్నాను. మింగుతున్న ముద్ద ఆమె చేలోదే.

ఆ పని చెయ్యడం ఎట్లాగో చెప్పాలి. నక్షత్రాలు నిలబడవు, పడమటికి జరుగుతూ ఉంటాయి. గంటకు పైగా ఫిల్మును తెరిచిపెట్టాలంటే గొట్టం కూడా వాటి వెంట జరగాలి. మాకు మోటరు లేదు. పెద్ద గొట్టం పక్కనే చిన్న దుర్భిణి ఒకటి కట్టి, అందులో అడ్డంగా, నిలువుగా రెండు పోగులు బిగించాం. ధర్మవరం మగ్గాల దగ్గర తెచ్చిన పట్టు పోగులు అవి, ఒంటి పోగులు. ఆ రెండూ కలిసే చోట ఒక నక్షత్రాన్ని నిలబెట్టి, కన్ను తీయకుండా, గొట్టాన్ని జరిపే మరను చేత్తో తిప్పుతూ ఉండాలి. నక్షత్రం పోగు దాటిందా, ఫిల్ము మీద చుక్కకు బదులు గీత పడుతుంది. తుమ్మకూడదు. కాలి మీద ఏది పాకినా కదలకూడదు. కుక్క వచ్చి కాలు తాకి ఒక ఫిల్ము చెడింది. మెడ పట్టేసి నేనే కదిలి ఇంకొకటి చెడింది.

మహాలయ అమావాస్య నాడు ఊరంతా పెద్దలకు పెట్టుకొని తిని పడుకుంది. ఆ రాత్రి మెడ నాది కానట్టు, చెయ్యి నాది కానట్టు కూర్చున్నాను. నక్షత్రం పోగుల నడుమ నుంచి కదలలేదు.

హిందూపురం వచ్చి ఫిల్ము కడిగాను. ఆ రోజుల్లో బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళే గతి. చవుడు నీళ్ళు. వాటితో కడిగితే, బొట్టు నిలిచి ఆరిన చోటల్లా ఫిల్ము మీద గుండ్రంగా మరక కట్టేది, అంచు చిక్కగా, నడుమ పలచగా. ఆ కరువులో నాయనకు మొహాలు దిద్దే పని తగ్గి మరకలు తీసే పని ఎక్కువైంది. ఈ ఒక్క ఫిల్ముకు మాత్రం బ్యాటరీ షాపులో మరక కట్టని డిస్టిల్డు నీళ్ళు కొని తెచ్చి కడిగాను. ఆ సంగతి నాయనకు చెప్పాలని తోచలేదు.

తీగకు తగిలించి చూస్తే, నెగటివులో నల్లగా పడిన నక్షత్రాల సన్న చుక్కల నడుమ కందిగింజంత ఉంగరం. బూడిదరంగులో, ఊదితే పోయేటట్టుంది. కింద కూర్చుండిపోయాను. ప్రింటు వేద్దామంటే కరెంటు లేదు, సాయంత్రం దాకా రాదన్నారు. అంతవరకు ఆగలేక జోసెఫ్ సారుకు చెప్పాలని ధర్మవరం బండెక్కాను. పోయేముందు నాయనతో, "అది చుక్కల ఫొటో నాయనా, రేపు బెంగళూరుకు పోయేది, పైలం" అన్నాను.

జోసెఫ్ సారు నా రెండు చేతులూ పట్టుకొని ప్రార్థన చేశాడు. నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాదు. ఆ దినం ఆమెన్ అన్నాను.

సాయంత్రం వచ్చేసరికి నాయన డెస్కు ముందే ఉన్నాడు. చత్వారం అద్దాలు నుదుటి మీదికి తోసుకొని, కండ్లు నులుముకుంటున్నాడు.

"రాప్పా. నీకోసమే కూచున్నా." ఫిల్మును అంచులు పట్టుకొని నా చేతికిచ్చాడు. "చుక్కలని చెప్తివి కదా, ఒక్క చుక్కను ముట్టలా. అన్నీ అట్లే ఉండాయి, చూసుకో. నడిమధ్యన ఒక నీళ్ళ మరక ఉండె. పాడు ట్యాంకరు నీళ్ళు! తడిబట్టతో తుడిచినా పోలా, మొండిది. కడాకు బ్లేడు పట్టినా. పొద్దున్నుంచీ ఇంతసేపు పట్టె."

కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. చుక్కలు ఉన్నాయి. ఉంగరం లేదు. అది ఉన్న చోటు ఇదీ అని గుర్తుపట్టడానికి కూడా లేదు. ఆయన అంత బాగా చేసిన పని నేను అంతకుముందు చూడలేదు.

"ఎట్లుండాది?"

"బాగుండాది నాయనా."

అది ప్రేమతో అన్న మాటేమీ కాదు. వేరే మాట రాలేదు, అంతే. రేపు బెంగళూరుకు పోయేదాన్ని మరకతో పంపకూడదని ఆ మనిషి కండ్లు చెడగొట్టుకొని కూర్చున్నాడు. ఆయనను ఏమని తిట్టాలి? తిట్టాలనే ఉంది. తిట్టడానికి ఒక్క పట్టు కూడా ఇవ్వలేదు నాకు.

హేమావతి నీళ్ళ బిందెతో వచ్చి నా మొహం చూసి అక్కడే నిలబడింది. వెనక గదిలోకి పోయాక చెప్పాను. ఆమె బిందె కింద దించింది.

"నేను ట్యాంకరు కాడ ఉండా. మామ ముట్టుకుంటాడని ఎవురికి తెలుసు?"

"నిన్నెవురేమన్నారు ఇప్పుడు?"

"పోయి చెప్పు ఆయప్పకు."

"చెప్తే ఫిల్ము మీదికి తిరిగొస్తాదా?"

"రాదు. తెలియాల కదా. నీ బడి మాన్పించె. ఇప్పుడు ఇదీ తీసేసె. ఒక్కసారన్నా తెలియాల" అంది.

నేను చెప్పలేదు. ఆమెను కూడా చెప్పనివ్వలేదు.

అయినా బెంగళూరు పోయాను. చెప్పిన దినానికి పోకపోతే లెక్కలోంచి తీసేస్తారని జోసెఫ్ సారు భయపడ్డాడు. ట్రస్టులో ఒకాయన, మంచివాడే, ప్రింటును బల్లమీద పెట్టుకొని భూతద్దంతో చూశాడు. కన్నడం కలిసిన తెలుగులో, "నక్షత్రాలు చాలా బాగున్నాయి. సూదిమొనల్లా ఉన్నాయి. చేత్తో తిప్పి తీశావా దీన్ని?" అన్నాడు. ఆ తర్వాత, "నీహారిక ఎక్కడ?" అని అడిగాడు.

మా నాయన గీకేశాడని చెప్పడానికి నోరు రాలేదు. "ఈసారి రాలేదు సార్" అన్నాను.

"నెలాఖరులోపల ఇంకొకటి తీసుకొని రా. అంతవరకు ఆపుతాను."

ఇంటికి వస్తే నాయన గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏమన్నారప్పా?"

"చుక్కలు చాలా బాగుండాయన్నారు."

ఆ ఒక్క మాటతో ఆయన పదేండ్లు చిన్నవాడైపోయాడు. ఆ మరునాటి నుంచి షాపుకు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాణ్ణి కూడా వదల్లేదు. "బెంగళూరు సైంటిస్టులే బాగుండాదన్నారప్పా మన ఫినిషింగు. నీ మొహమెంత, కూచో" అనేవాడు. హోటల్లో చెప్పాడు. మంగలిషాపులో చెప్పాడు. ఎదురింటి నారాయణప్పకైతే మూడు నాలుగుసార్లు చెప్పాడు. నేను డార్క్‌రూములో ఉండి తలుపు వేసుకొని వినేవాణ్ణి. డార్క్‌రూము తలుపు వెలుతురును ఆపుతుంది గానీ మాటను ఆపదు.

దసరా ముందర మబ్బు పట్టింది. ఇంతకాలం రాని వాన, ఎండిన చెట్టు మీద మొదలైంది. పడితే కుండపోతగా పడలేదు, ఆగితే పూర్తిగా తెరవలేదు. నేను పెనుకొండకు పోవడం, గొట్టం మీద గోనెపట్ట కప్పి కూర్చోవడం, తెల్లారి బస్సెక్కి తిరిగి రావడం. నెలాఖరు కూడా మబ్బులోనే పోయింది. ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ఆ పెద్దమనిషి బాధపడుతూనే చెప్పాడు, డిప్లొమా చదివిన పిల్లవాణ్ణి తీసుకున్నామని.

నాయనకు చెప్పలేదు. హేమావతికి చెప్పాను. అదే సాయంత్రం నాయన ముందర గదిలో ఎవరితోనో, "మావాడు ఇంగ బెంగళూరులో ఉంటాడు, మన చేతిపని ఆడికి పోయింది కాబట్టి" అంటున్నాడు. హేమావతి చేతిలోని చేట కింద పెట్టింది. పెట్టెలో చీరలు సర్దుకుంది.

"ఈ మాట దినామూ వింటా నేను ఈడ ఉండలేను. ఆయప్పకు చెప్పవు, నన్ను చెప్పనీవు. నాకు నోట్లో పుండు మాదిరి ఉండాది" అని పెనుకొండకు పోయింది. మామకు మాత్రం అమ్మకు ఒళ్ళు బాగలేదని చెప్పి, కాళ్ళకు మొక్కి పోయింది.

దీపావళి అమావాస్యకు ఆకాశం కడిగినట్టు తెరుచుకుంది. నేను పోయాను. చేలో చెట్టు పీకేసి, గొడ్లకు మేతగా ఆ ఎండుకట్టెను కుప్ప వేసి ఉంది. కాయలు లేవు. పోతులయ్య మళ్ళీ ఎదురయ్యాడు. ఈసారి నవ్వలేదు. "ఇంగ ఎంతన్నా ఊదుకో అల్లుడూ. మాకు వానతో పని అయిపోయింది" అని మంద తోలుకుపోయాడు.

చీకటి పడగానే నీహారిక సరిగ్గా ఎత్తుకు వచ్చి ఉంది. హేమావతి గట్టు మీదికి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎవురికిది ఇప్పుడు?"

"ఎవురికీ కాదు."

"నేను రాను హిందూపురానికి."

దుర్భిణి మీద నుంచి కన్ను తీస్తే నక్షత్రం పోగు దాటుతుంది. తీయలేదు. ఆమె చెంబు అక్కడే పెట్టి పోయింది.

ఈసారి ఉంగరం మొదటిదానికన్నా చిక్కగా వచ్చింది. కడిగి తీగకు తగిలించానో లేదో, ముందర గదిలోకి ఎవరో బిడ్డను ఎత్తుకొని వచ్చారు. వాళ్ళ ఫొటో తీసి పంపి, లోపలికి వచ్చేసరికి నాయన డెస్కు ముందర కూర్చొని ఉన్నాడు. ఫిల్ము గాజుపలక మీద ఉంది. బ్లేడు చేతిలో ఉంది. కానీ ఆయన చెయ్యి కదలడం లేదు.

"సుంకన్నా, ఇది దీపావళి రాత్రి తీసిందేనా?"

"ఊఁ."

"ఆడనే పడిండాది మరక." బ్లేడు మొనతో తాకకుండా చూపించాడు. "ఈ రెండు చుక్కలుండాయే, వీటి పక్కన. ఆ పొద్దూ ఈడనే ఉండె. నేను దినమంతా చూసినా కదా, బాగా గురుతు. నీళ్ళ బొట్టు రెండోసారి అదే చోట పడదప్పా."

ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు తీసింది దీన్నేనా?"

"అవును నాయనా."

ఆయన బ్లేడును కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాడు. అద్దాలు తీసి ధోవతి కొసతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ ఫిల్ము చూశాడు.

"బాగుండాదన్నారని చెప్తివే."

"చుక్కలు బాగుండాయన్నారు."

"చుక్కలను నేను ముట్టలా కదా" అన్నాడు. ఫిల్ము వైపే చూస్తూ, "నేను చెయ్యి పెట్టనిదే బాగుండాదనిరి వాళ్ళు" అన్నాడు.

బయట పిల్లలు మిగిలిన టపాకాయలు కాలుస్తున్నారు. ఆయన లేచి కిటికీ రెక్క మూసి వచ్చి కూర్చున్నాడు.

"హేమావతి అందుకే పోయిందా?"

"అమ్మకు ఒళ్ళు బాగలేదని పోయింది."

"సరే" అన్నాడు. లేచి, ఫిల్మును తానే కవరులో పెట్టి నా చేతికి ఇచ్చాడు. "పొద్దున బండికే పో. దీన్ని నేను ముట్టలేదని చెప్పు. ఆ పొద్దు లేకపోయింది నీ తప్పు కాదని చెప్పు. మా నాయన కండ్లు లేనోడు, గీకేసినాడని నా పేరు పెట్టి చెప్పు. పెద్దోళ్ళు, అర్థం చేసుకుంటారు."

"చెప్తాలే."

"ఊరికే తలకాయ ఊపొద్దు. చెప్పాల."

"చెప్తా నాయనా."

ఆ ఉద్యోగం పోయిందని అప్పటికీ ఆయనకు తెలియదు. తెల్లారగానే నాకంటే ముందు లేచి, నా సంచి సర్ది, కవరు మడత పడకుండా రెండు అట్టల నడుమ పెట్టి కట్టాడు. వీధి మలుపు దాకా వచ్చాడు. నేను సంచి భుజానికి వేసుకొని హిందూపురం స్టేషనుకు పోయి, టికెట్ తీసుకోకుండా లోపలికి నడిచి, బెంగళూరు బండి వచ్చి పోయేదాకా, ఆ తర్వాత దాని వెనక బండి వచ్చి పోయేదాకా బెంచీ మీద కూర్చున్నాను.